చక్ కీ వాళ్ళ చేతికిచ్చి మీరు చేతులు కట్టుకోండి: మెషిన్ షాప్ సీనియర్లకు, వాళ్ళకు టార్గెట్లు వేసేవాళ్ళకు బహిరంగ లేఖ

మెషిన్ షాపుల్లో, అంటే లోహపు భాగాలు కోసి తయారుచేసే చోట్ల, చెయ్యి తిరిగిన టర్నర్లకు (లేత్ పనివాళ్ళు), మిల్లింగ్ మెషిన్ పనివాళ్ళకు, ఫిట్టర్లకు. వాళ్ళ షిఫ్టు ప్లాను రాసే ఫోర్‌మన్లకు, ప్రొడక్షన్ మేనేజర్లకు,

నమస్కారం.

మేం అడిగేది ఒక్కటే. కొత్తగా వచ్చినవాళ్ళకు పని నేర్పేటప్పుడు సీనియర్ తన వేగం తగ్గించుకోవాలి. అలా తగ్గిన వేగాన్ని షిఫ్టు ప్లానులో అంకెగా వెయ్యాలి. మొదటిది సీనియర్ల చేతిలో ఉంది, రెండోది మేనేజర్ల చేతిలో. రెండోది జరక్కపోతే మొదటిది మహా అయితే రెండు రోజులు నడుస్తుంది. మూడో రోజు అర్జెంట్ ఆర్డర్ వస్తుంది, కొత్తవాడి చేతికి చీపురు వస్తుంది. అందుకే ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాం.

"పక్కన నిలబెట్టాం, చూసి నేర్చుకుంటాడు" అనేమాట చాలా షాపుల్లో వినిపిస్తుంది. చూసి నేర్చుకోవడం అబద్ధం కాదు. కాకపోతే ఏం చూడాలో ముందే తెలిసినవాడికే అది సాధ్యం. ఫోర్ జా చక్‌లో జాబ్ సెంటర్ చేస్తున్న సీనియర్‌ను ఒకసారి పక్కనుంచి గమనించండి. చక్ అంటే లేత్ మీద పనిముక్కను పట్టుకుని తిప్పే పట్టు, జా అంటే దాని దవడ, జాబ్ అంటే ఆ పనిముక్క. ఈ చక్‌కు నాలుగు దవడలు, ఒక్కోదాన్నీ విడిగా కీతో కదపాలి. జాబ్‌ను సరిగ్గా మధ్యకు తేవడమే సెంటర్ చెయ్యడం. చూపు డయల్ గేజ్ (జాబ్ ఎంత పక్కకు ఉందో ముల్లుతో చూపే కొలత సాధనం) మీద, ఒక చెయ్యి చక్ మీద, ఇంకో చెయ్యి కీ మీద. అయిదారు నిమిషాల్లో ముల్లు కదలడం మానేస్తుంది. పక్కనున్న కుర్రాడికి కనపడింది ఏమిటి? కీ తిప్పారు, చక్ తిప్పారు, మళ్ళీ కీ తిప్పారు. ఏ జా వదులు చేశారు, దాన్నే ఎందుకు చేశారు, ఎంత చేశారు, ఇక చాలని ఎలా తెలిసింది, ఇవేవీ కంటికి కనపడేవి కావు. ఆ మాటకొస్తే సీనియర్ మనసులో కూడా ఇప్పుడివి మాటలుగా లేవు, ఎప్పుడో చేతిలోకి దిగిపోయాయి.

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక చిన్న ప్రయోగం చేసింది. కొందరిని బల్ల మీద వేళ్ళతో అందరికీ తెలిసిన పాటల దరువు వెయ్యమంది, ఇంకొందరిని అది ఏ పాటో చెప్పమంది. వినేవాళ్ళు ఎన్ని పోల్చుకుంటారని దరువు వేసేవాళ్ళను అడిగితే సగం దాకా అన్నారు. తీరా చూస్తే 120 పాటల్లో పోల్చుకున్నవి 3. దరువు వేసేవాడి చెవిలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, ఎదుటివాడికి మాత్రం టకటక చప్పుడే. "ఇన్నిసార్లు చూపించినా రాలేదేంట్రా" అని విసుగొచ్చిన ప్రతిసారీ ఈ లెక్క గుర్తు తెచ్చుకోవడం మంచిది. మీ చెవిలో పాట ఉంది, వాడికి ఇంకా లేదు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఓడల కార్ఖానాల్లోకి ఉన్నట్టుండి కొత్తవాళ్ళు పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు, చార్లెస్ అలెన్ అనే వృత్తి శిక్షకుడు నాలుగు అంచెల పద్ధతి ఒకటి నిలబెట్టాడు. రెండో యుద్ధం నాటికి, 1940లో, అమెరికా ప్రభుత్వం కార్ఖానాల కోసమే 'ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే సర్వీసు పెట్టి, ఆ పద్ధతినే సూపర్‌వైజర్లకు నేర్పింది. 1945 దాకా అది నడిచింది. క్లాసు మొత్తం 10 గంటలు, 2 గంటల చొప్పున 5 విడతలు, గుంపుకు 10 మంది. యుద్ధం అయ్యాక అది జపాన్ చేరింది, టొయోటా వాళ్ళు ఇంట్లో మనిషిలా ఉంచేసుకున్నారు.

ఆ క్లాసులో మొదటి విడతలో ఒక ముడి వేయించేవాళ్ళు. దీపం హోల్డర్‌లోకి వెళ్ళే రెండు పోగుల వైరుకు, లాగినా బరువు స్క్రూల మీద పడకుండా లోపల వేసే ముడి అది. శిక్షకుడు ముందు ఒకతన్ని పిలిచి ముడి ఎలా వెయ్యాలో నోటితో మాత్రమే చెప్పేవాడు, అతనికి వచ్చేది కాదు. తర్వాత ఇంకొకతన్ని పిలిచి ఒక్క మాటా చెప్పకుండా చేసి చూపించేవాడు, అతనికీ వచ్చేది కాదు. ఆ తర్వాత చూపిస్తూ, చెబుతూ, ఒక్కో అడుగు దగ్గర ఆగుతూ, నేర్చుకునేవాడి చేత చేయిస్తూ నేర్పితే కొద్ది నిమిషాల్లో ముడి పడేది. మన షాపుల్లో శిక్షణ చాలావరకు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతోంది. కొందరు గంటసేపు చెబుతారు, కొందరు గంటసేపు చేసి చూపిస్తారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. నేర్పడానికి ముందే ఒక కాగితం తయారుగా ఉండాలి. మధ్యలో గీత గీసి ఎడమవైపు అడుగులు, కుడివైపు కీలకాలు రాయాలి. అడుగు అంటే పని ముందుకు జరిగే ముక్క. కీలకం అంటే ఆ అడుగులో పని చెడగొట్టేది, మనిషిని గాయపరిచేది, లేదా పని సులువు చేసే కిటుకు. ఈ మూడింట్లో దేనికీ చెందనిది కాగితం ఎక్కకూడదు. ఒక పాఠానికి 5 నుంచి 7 అడుగులు చాలు. అంతకు మించితే అది రెండు పాఠాలని లెక్క. రాసేటప్పుడు కుర్చీలో కూర్చుని రాయకండి, మెషిన్ దగ్గర నిలబడి, చెయ్యి చేస్తున్నదాన్ని చూస్తూ రాయండి. అలా రాస్తే మీరు ఎప్పుడూ నోటితో అననివి కనీసం రెండు మూడు బయటపడతాయి.

ఫోర్ జా చక్‌లో గుండ్రటి రాడ్ సెంటర్ చెయ్యడానికి అలాంటి కాగితం ఎలా ఉంటుందో చూపిస్తాం.

మెయిన్ ఆఫ్ చేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టడం మొదటి అడుగు. కీలకం: చక్ చేత్తో తేలిగ్గా తిరగాలి. జాల ముఖాలు, జాబ్ పట్టుకునే చోటు గుడ్డతో తుడవాలి. కింద ఇరుక్కున్న ఒక్క చిప్ (కోతలో రాలిన లోహపు పొట్టు) చాలు, ఎంత సెట్ చేసినా జాబ్ వంకరగానే తిరగడానికి. చక్ ముఖం మీద గుండ్రటి గీతలు ఉంటాయి, వాటిని చూసి నాలుగు జాలనూ సుమారుగా ఒకే దూరానికి తేవడం రెండో అడుగు. ఇక్కడ కంటి అంచనా చాలు, మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. కొత్తవాళ్ళు ఇక్కడే పావుగంట తినేస్తారు. ఈ దశలో నిక్కచ్చితనం అక్కర్లేదని ముందే చెప్పాలి.

మూడో అడుగు డయల్ పెట్టడం. మాగ్నెటిక్ స్టాండ్, లేత్‌లో టూల్‌ను మోసే క్యారేజ్ మీద గానీ దానిపై అడ్డంగా జరిగే క్రాస్ స్లైడ్ మీద గానీ గట్టిగా అతుక్కోవాలి. ప్లంజర్, అంటే డయల్‌లోంచి వచ్చి జాబ్‌ను తాకే పుల్ల, జాబ్‌కు లంబంగా, సెంటర్ ఎత్తులో ఉండాలి. తగిలీ తగలనట్టు పెట్టకూడదు, ఒక మిల్లీమీటరు దాకా లోపలికి నొక్కి పెట్టాలి, లేకపోతే లోతు వైపుకు తిరిగినప్పుడు ప్లంజర్ జాబ్‌ను వదిలేసి ముల్లు అబద్ధం చెబుతుంది. 0.01 మి.మీ. గీతల డయల్‌లో పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ. పక్కనున్న బుల్లి ముల్లు ఆ చుట్లు లెక్కపెడుతుంది. కొత్తవాడు బుల్లి ముల్లును చూడడు. 1.10 తేడా ఉంటే 0.10 అనుకుని సర్దుతాడు, ఎంత సర్దినా కుదరక బెంబేలు పడతాడు. వాడి తప్పు చేతిలో లేదు, చదవడంలో ఉంది.

నాలుగో అడుగులో పనంతా ఉంది. జాలకు సుద్దతో 1, 2, 3, 4 అని వెయ్యండి. ఒకటో జా ప్లంజర్ ఎదురుగా వచ్చేలా తిప్పి డయల్ సున్నా చెయ్యాలి. సగం చుట్టు తిప్పి మూడో జా దగ్గర చదవాలి. ముల్లు లోపలికి నొక్కుకున్న వైపు 40 గీతలు చూపిందనుకోండి. జాబ్ మూడో జా వైపు ఎక్కువ బయటికి వచ్చిందని అర్థం. ఇప్పుడు ఒకటో జా కొంచెం వదులు చేసి, మూడో జా ముందుకు తెచ్చి బిగించాలి. ముల్లు 40 నుంచి వెనక్కి వస్తూ 20 దగ్గరికి రాగానే ఆపెయ్యాలి. సున్నా దాకా తీసుకెళ్ళకూడదు. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఇదే. తేడా 40 అంటే సెంటర్ జరిగింది 20 మాత్రమే, మొత్తం 40 జరిపితే తప్పు అటునుంచి ఇటు వచ్చి కూర్చుంటుంది. "సగమే ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద రెండు వృత్తాలు గీసి చూపించాలి, మాటలతో తెమలదు. ఒకటి చక్ సెంటర్, ఇంకొకటి జాబ్. రెండు నిమిషాలు. ఈ బొమ్మ చూడనివాడు నెలల తరబడి సున్నాను తరుముతూనే ఉంటాడు.

అదే లెక్క రెండు, నాలుగు జాలకు. కీలకం: పక్కపక్కనున్న రెండు జాలు ఒకేసారి వదులు చెయ్యకూడదు, ఎప్పుడూ ఎదురెదురు జంటే. వదులు చెయ్యడమంటే కీ కొంచెం కదపడమే, పావు చుట్టు తిప్పితే బరువైన జాబ్ ఒరిగిపోతుంది. ఆఖరి అడుగు: నాలుగూ కొద్దికొద్దిగా వరసన బిగించి మళ్ళీ డయల్ చూడాలి, బిగింపులో జాబ్ తప్పకుండా కొంత జరుగుతుంది. పొడుగు రాడ్ అయితే చక్ దగ్గరా, 75 నుంచి 100 మి.మీ. దూరంలోనూ రెండుచోట్ల చూడాలి. దూరంలో మాత్రమే తేడా ఉంటే జాలు ముట్టుకోవద్దు, రాగి సుత్తితో చిన్నగా తట్టాలి. మొత్తం తేడా 0.02 లోపు వస్తే నేర్చుకునేవాడికి చాలు. డయల్, స్టాండ్ తీసి, చక్ కీ తీసి, ఒక చుట్టు చేత్తో తిప్పి జాలు ఎక్కడా తగలడం లేదని చూశాకే మెయిన్ ఆన్.

ఇంత రాసుకున్నాక నేర్పడం మొదలవుతుంది. ముందు నిలబడే చోటు. చాలామంది కొత్తవాణ్ణి మెషిన్ కవతల నిలబెడతారు, చోటు అక్కడే ఉంటుంది మరి. అక్కణ్ణుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, బిగింపు వదులవుతుంది. మీ భుజం పక్కన, మీరు చూసే దిక్కునే చూసేలా నిలబెట్టండి. ఒకరికి నేర్పండి, తప్పదంటే ఇద్దరు. ముగ్గురుంటే మూడోవాడు ఫోన్ చూస్తాడు, వాణ్ణి తిట్టి లాభం లేదు, అక్కణ్ణుంచి ముల్లు కనపడదు.

మొదటిసారి మామూలు వేగంలో, మాట్లాడకుండా చేసి చూపించండి. పూర్తయిన పని ఎలా ఉంటుందో వాడి కంటికి పడాలి. రెండోసారి అడుగుల పేర్లు చెబుతూ, ఒక్కో అడుగు దగ్గర చేతులు ఆపి చెయ్యండి. మూడోసారి అడుగులతో పాటు కీలకాలు. నాలుగోసారి కీలకాలతో పాటు కారణాలు. నాలుగు సార్లా అని అనిపిస్తుంది. అన్నీ ఒకే విడతలో కుమ్మరిస్తే కొత్తవాడి బుర్రలో నిలిచేది చివర విన్న రెండు మాటలు. ప్రతిసారీ అవే మాటలు వాడండి. ఒకసారి "లూజ్ చెయ్", ఒకసారి "వదులు", ఇంకోసారి "తిప్పు" అంటే మీకు మూడూ ఒకటే, వాడికి మూడు వేర్వేరు పనులు.

తర్వాత చక్ కీ వాడి చేతికిచ్చి మీ చేతులు కట్టుకోండి. నిజంగానే కట్టుకోండి, లేకపోతే అవి వాటంతటవే ముందుకు వెళ్ళిపోతాయి. వాడు మొదట మాటల్లేకుండా చేస్తాడు, తప్పు చేస్తే అక్కడే ఆపి సరిదిద్దండి, కాని కీ లాక్కోకండి. రెండోసారి అడుగులు చెబుతూ చేస్తాడు, మూడోసారి కీలకాలు, నాలుగోసారి కారణాలు. "మూడో జా ఎందుకు బిగిస్తున్నావ్?" అంటే "మీరు అలాగే చేశారు కదన్నా" అన్నాడంటే పాఠం ఇంకా చేతికి ఎక్కలేదు. "జాబ్ ఇటు వచ్చింది, అటు తొయ్యాలి" అన్నాడంటే ఎక్కింది.

"అర్థమైందా?" అని అడగడం మానెయ్యండి. ఆ ప్రశ్నకు షాపులో ఒకే జవాబుంది: "అర్థమైందన్నా." అర్థం కాలేదని పదిమందిలో చెప్పే ధైర్యం ఎవరికుంది? "ఇప్పుడు ఏ జా? ఎన్ని గీతలు?" అని అడిగితే నిజం తెలుస్తుంది. అడిగాక ఆగండి. బడి పాఠాల మీద పనిచేసిన మేరీ బడ్ రో 1970ల్లో గమనించిన సంగతి ఒకటుంది: టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతారు, దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడుగవుతాయి, మెరుగవుతాయి, మౌనంగా ఉండేవాళ్ళు కూడా నోరు విప్పుతారు. మెషిన్ దగ్గర 3 చాలదు. డయల్ చదివి, జా గుర్తుపట్టి, దిక్కు తేల్చుకోవాలి. మనసులో 10 దాకా లెక్కపెట్టండి. ఆ పది సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయని మాకు తెలుసు.

ఎప్పుడు చెయ్యి పెట్టాలి? మనిషికి దెబ్బ తగిలేటప్పుడు, మెషిన్‌కు దెబ్బ తగిలేటప్పుడు, అంతే. జాబ్ పాడవుతుందంటే పాడవనివ్వండి. దానికోసమే నేర్పే జాబ్ ఆర్డర్ జాబ్ కాకూడదు. 50 మి.మీ. ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) రాడ్ తుక్కులోంచి 100 మి.మీ. పొడుగున పది ముక్కలు కోసి పక్కన పెట్టండి. మీరే కావాలని 2, 3 మి.మీ. తప్పుగా బిగించి ఇవ్వండి, వాడు సెంటర్ చెయ్యాలి. రోజుకు అయిదుసార్లు, ప్రతిసారీ పట్టిన సమయం, చివరి రీడింగ్ నోట్‌బుక్‌లో. మొదటిసారి నలభై నిమిషాలు పడితే ముఖం అలా పెట్టకండి. వారం తిరిగేసరికి ఆ పేజీ మీకంటే బాగా మాట్లాడుతుంది.

నెమ్మదితో బేరం పెట్టకూడని విషయాలు కొన్ని ఉన్నాయి, వాటిని మొదటి గంటలోనే, ఒక్కసారిగా, గట్టిగా చెప్పాలి. చక్ కీ నుంచి చెయ్యి తీశారంటే కీ చక్‌లో ఉండకూడదు. తిరిగే మెషిన్ దగ్గర గ్లవ్స్ వద్దు, వేలాడే చొక్కా చేతులు, ఉంగరం, విడిచిన జుట్టు వద్దు. కొలత తియ్యడం మెషిన్ ఆగాకే. చిప్స్ తియ్యడానికి చెయ్యి కాదు, కొక్కెం గానీ బ్రష్ గానీ. వీటిలో "నెమ్మదిగా అలవాటవుతుంది" అనేది లేదు.

ఇంకో మాట, ఇది సీనియర్లలో కూడా కొందరికి తట్టదు. నెమ్మదించడమంటే అన్నీ నెమ్మదిగా తిప్పడం కాదు. కొత్తవాడు భయపడతాడని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) బాగా తగ్గించి, టూల్ మాత్రం ఎక్కువ వేగానికి వాడే కార్బైడే ఉంచుతారు. తక్కువ వేగంలో కార్బైడ్ మొనకు మెటల్ అతుక్కుంటుంది, ఫినిష్ గరుగ్గా వస్తుంది, మొన చిట్లుతుంది కూడా. కొత్తవాడు అదంతా తన చేతి పనితనం లోపం అనుకుంటాడు. వేగం తగ్గించాలంటే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ పెట్టండి. ఎమ్మెస్ మీద నిమిషానికి 25 మీటర్ల వేగం అనుకుంటే 50 మి.మీ. రాడ్‌కు 160 ఆర్‌పీఎం దగ్గర పడుతుంది. ఆ వేగంలో చిప్ ఎలా విడిపోతుందో కంటితో చూడొచ్చు, హ్యాండిల్ తిప్పే చేతికి కట్ బరువు తెలుస్తుంది. కార్బైడ్‌తో అదే రాడ్ మీద 120 మీటర్లకు 760 పైచిలుకు, అక్కడ తప్పు చూసేలోపే అయిపోతుంది.

థ్రెడింగ్‌లో, అంటే రాడ్ మీద మర కొయ్యడంలో, అయితే సంగతి వేరు. టూల్‌ను ముందుకు నడిపే స్క్రూకు క్యారేజ్‌ను కలిపి ఉంచే హాఫ్ నట్‌ను సరిగ్గా గాడి దగ్గర విడిపించాలి, ఆ టైమింగే అసలు పని. దాన్ని ముక్కలు చేసి ఆపి ఆపి చూపిస్తే టైమింగ్ పోతుంది. ఇక్కడ చేతి కదలికను నెమ్మది చెయ్యకూడదు, మెషిన్‌ను నెమ్మది చెయ్యాలి. 40, 50 ఆర్‌పీఎం, చివర వెడల్పుగా తీసిన గాడి, టూల్ జాబ్‌కు తగలకుండా వెనక్కి లాగి ముందు గాలిలోనే అయిదారు సార్లు. లివర్ ఎత్తే చెయ్యి కుదిరాకే కట్.

ఎప్పుడు తప్పుకోవాలన్నది కూడా నేర్పడంలో భాగమే. వరసగా మూడుసార్లు సహాయం లేకుండా 0.02 లోపు తెచ్చాడంటే మీరు అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలి. వెళ్ళేముందు "సందేహం వస్తే ఫలానావాళ్ళను అడుగు" అని ఒక మనిషిని చూపించండి, "ఎవరినైనా అడుగు" అనకండి. ఎవరినైనా అంటే ఎవరినీ కాదని. మొదటి రోజు గంటకోసారి చూడండి, తర్వాత పూటకోసారి, తర్వాత వారానికోసారి. పని వచ్చినవాడి భుజం మీద నిలబడి ఒక్కో అడుగూ చెబుతుంటే వాడి చెయ్యి తడబడుతుంది, మీకూ విసుగు. నేర్పడం బాగా చేతనైన సీనియర్లే ఇక్కడ జారుతారు, వదలబుద్ధి కాదు.

ఇక మేనేజర్లకు.

పైన చెప్పినదంతా చెయ్యడానికి రోజుకు సుమారు 2 గంటలు పడుతుంది. ఆ 2 గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఊరికే ఒక లెక్క వేద్దాం. సీనియర్ 8 గంటల షిఫ్టులో 40 పీసులు తీస్తాడనుకోండి. 2 గంటలు నేర్పడానికి పోతే 30. మూడు వారాలు, వారానికి 6 రోజులు, అంటే 18 రోజులకు 180 పీసులు తగ్గుతాయి. ఆ తర్వాత కొత్తవాడు సీనియర్ వేగంలో సగమే, రోజుకు 20 తీసినా, 9 రోజుల్లో ఆ 180 వచ్చేస్తాయి. నేర్చుకున్నవాడు నెల తిరక్కుండా మానేస్తే లెక్క తప్పుతుంది, నిజమే. కాని నేర్పకుండా ఉంచితే ఆ లెక్క మొదలే కాదు, పైగా సీనియర్ సెలవు పెట్టిన రోజు మెషిన్ ఖాళీ. మీ పీసుల సంఖ్య, మీ షిఫ్టు గంటలు వేసుకుని మీరే చూసుకోండి, 2 గంటలు ఎక్కువనిపిస్తే గంటన్నర వెయ్యండి. సున్నా మాత్రం వెయ్యకండి.

ఆ గంటలు షిఫ్టు మొదట్లో ఉండాలి. చివరి అరగంట ఇస్తే అది శిక్షణ కాదు, మెషిన్ తుడవడం. రెండు విడతలు చేసి గంట గంట ఇస్తే ఇంకా మంచిది, మధ్యలో కొత్తవాడు ఒక్కడే ప్రాక్టీస్ చేసుకుంటాడు. రాత్రి షిఫ్టులో కొత్త పని మొదలుపెట్టకండి, పగలు వచ్చిన పనిని రాత్రి మళ్ళీ చేయించండి.

ఇన్సెంటివ్ సంగతి తేల్చకుండా సీనియర్‌ను "కాస్త నేర్పవయ్యా" అనడం అన్యాయం. పీసు లెక్కన డబ్బులొచ్చే చోట 10 పీసులు తగ్గడమంటే అతని జేబులోంచి తీసి కొత్తవాడికి ఇవ్వమన్నట్టే. నేర్పే రోజుల్లో గత మూడు నెలల సగటు ఇన్సెంటివ్ ఇవ్వండి, లేదా నేర్పిన గంటలను మామూలు ఉత్పత్తి గంటలుగా లెక్కకట్టండి. ఏది చేసినా ముందే కాగితం మీద పెట్టండి. ఇది జరగని చోట సీనియర్ పని దాచుకుంటాడు. గుట్టు అనీ, అసూయ అనీ పేర్లు పెడతారు గానీ, చాలాసార్లు అది సాదా లెక్క. తనకు తెలిసింది పక్కవాడికీ తెలిస్తే తన అవసరం తగ్గుతుందేమో అన్న భయం కూడా ఉంటుంది. ఎవరెవరికి నేర్పాడో అతని పేరు మీద రికార్డయితే, గ్రేడు ఇచ్చేటప్పుడు ఆ రికార్డు చూస్తే, ఆ భయం కొంతైనా తగ్గుతుంది.

రికార్డు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు. ఒక చార్టు. నిలువుగా మనుషులు, అడ్డంగా పనులు, ప్రతి గడిలో ఒక వృత్తం, దానికి నాలుగు పావులు. చూశాడు, ఒక పావు. పక్కన మనిషి ఉంటే చేస్తాడు, రెండు. ఒక్కడే చేస్తాడు, మూడు. ఇంకొకరికి నేర్పగలడు, నిండు వృత్తం. పావు నింపేది హెచ్ఆర్ కాదు, నేర్పిన సీనియర్, అదీ వాడి చేత చేయించి చూశాకే. ప్రతి గడి పక్కన తర్వాతి పావు ఏ తారీఖుకో రాయాలి. ఒక పని నిలువు వరసలో నిండు వృత్తం ఒక్కటే ఉందంటే ఆ పని మీ షాపులో ఒక్క మనిషి మీద వేలాడుతోందన్న మాట. నేర్పడం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, ఎక్కువ పీసులు తీసే మెషిన్ దగ్గర్నుంచి కాదు.

కొత్తవాణ్ణి ఎవరికి అప్పగించాలన్నదీ ఆలోచించండి. అందరికంటే వేగంగా చేసేవాడు అందరికంటే బాగా నేర్పుతాడని లేదు. కిందటేడాది నేర్చుకున్నవాడికి తను ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుంటుంది, బుల్లి ముల్లు సంగతి మొదటి రోజే చెప్పేది వాడే. సీనియర్ కాగితం రాసి, జూనియర్ నేర్పి, సీనియర్ చివర్లో చూడటం చాలాచోట్ల బాగా కుదురుతుంది.

మేం కోరేది వెంటనే షాపు మొత్తం మార్చమని కాదు. వచ్చే నెల ప్లానులో ఒక మెషిన్, ఒక పని, ఒక సీనియర్, ఒక కొత్తవాడు. ప్లాను కాగితంలో ఆ 2 గంటల గడిని ఖాళీగా వదలకండి. 'శిక్షణ' అని రాసి ఇద్దరి పేర్లూ వెయ్యండి. ఖాళీగా కనపడిన గడిలోకి అర్జెంట్ జాబ్ వచ్చి కూర్చుంటుంది.

ఇట్లు,
మెషిన్ షాపుల్లో పని చేస్తూ, నేర్పుతూ ఉన్న కొందరం